మధ్యాహ్నం పూట మాత్రమే పడిపోయే ఇంధన పీడనం: ట్యాంకు దగ్గర మొదలుపెట్టి వెతకండి

మీరు రాసినది నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. చిత్తూరు దగ్గర మామిడి తోటలో వేసుకున్న షెడ్డులో, కిట్ తెప్పించుకుని నాలుగేళ్లుగా మీరు కడుతున్న రెండు సీట్ల హైవింగ్ (రెక్క పైన ఉండే) విమానానికి 100 హార్స్‌పవర్ రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజను బిగించారు. తెల్లవారి ఏడు గంటలకు చక్రాలకు దిమ్మెలు పెట్టి, తోకను గుంజకు కట్టి పూర్తి థ్రాటిల్ ఇస్తే ఐదు నిమిషాలూ ఇంజను చక్కగా నడుస్తోంది. అదే పని మధ్యాహ్నం రెండు గంటలకు చేస్తే మూడో నిమిషంలో ఇంధన పీడనం 0.3 బార్ నుంచి 0.1 బార్‌కు జారిపోయి ఇంజను తడబడుతోంది. ఎలక్ట్రిక్ పంపు స్విచ్ వేయగానే కోలుకుంటోంది. ఇంజను ఆపి పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేయబోతే మరింత మొండికేస్తోంది. మీరు కార్బురేటర్లను మూడుసార్లు విప్పి శుభ్రం చేశారు, ఒకసారి ఇంధనాన్ని కొలిచి వదిలే జెట్లు కూడా మార్చారు, అయినా ఫలితం లేదు.

మొదటి మాట. ఇక కార్బురేటర్ల మీద చేయి వేయకండి, మార్చిన జెట్లను తీసి పాతవే మళ్లీ పెట్టండి. కార్బురేటరు లోపల దోషం ఉంటే అది ఉదయమూ కనిపించాలి, మధ్యాహ్నమూ కనిపించాలి. పైగా ఆ దోషం వల్ల కార్బురేటరుకు ముందున్న పైపులో పీడనం పడిపోదు. మీ గేజీ చూపిస్తున్నది పంపు దాటి వస్తున్న ఇంధనం చాలడం లేదని. అంటే వెతకవలసిన చోటు ట్యాంకు మూత నుంచి పంపు నోటి వరకు ఉన్న దారి. ఆ ఇంజనుకు ఇంధన పీడనం 0.15 బార్‌కు తగ్గకూడదని తయారీదారు స్పష్టంగా చెబుతున్నాడు కాబట్టి, 0.1 బార్ చూపించిన విమానం కారణం తేలేవరకు నేల విడవకూడదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఇంకా రాలేదని రాశారు. ఆ వ్యవధి మీకు కలిసివచ్చిందనే నేను అనుకుంటున్నాను.

ఎండే కారణమని మీరు తేల్చేసుకున్నట్టుంది. అది సగం మాత్రమే నిజం. మే నెలలో మన తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి ప్రాంతమంతా 40 డిగ్రీలు దాటుతుంది, ఇంజను మీది తొడుగు (కౌలింగ్) లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. అయినా సక్రమంగా కట్టిన ఇంధన వ్యవస్థ ఆ వేడిని తట్టుకోవాలి. ఇక్కడ జరుగుతున్నది ఏమిటంటే, ఏ ద్రవమైనా దాని మీద పీడనం తగ్గితే తక్కువ వేడికే మరుగుతుంది. ఇంజను మీదున్న మెకానికల్ పంపు ఇంధనాన్ని తనవైపు పీల్చుకుంటుంది. పీల్చే దారిలో ఎక్కడైనా చిన్న అడ్డు ఉంటే, ఆ అడ్డుకూ పంపుకూ మధ్య పీడనం పడిపోతుంది. ఉదయం చల్లగా ఉన్న పెట్రోలు ఆ తగ్గుదలను భరిస్తుంది. మధ్యాహ్నం వేడెక్కిన పెట్రోలు భరించలేక పైపులోనే ఆవిరి బుడగలుగా మారుతుంది, పంపు ఆ ఆవిరిని నెట్టలేక ఊరికే కొట్టుకుంటుంది. ఎలక్ట్రిక్ పంపు వేస్తే వెనుక నుంచి పీడనం పెరుగుతుంది, బుడగలు మళ్లీ ద్రవంలోకి అణిగిపోతాయి, ఇంజను కోలుకుంటుంది. మీ లక్షణాలన్నీ దీనికి సరిపోతున్నాయి. కాబట్టి వేడితో పాటు ఎక్కడో ఒక చిన్న అడ్డు కూడా ఉండి ఉంటుందని నా గట్టి అనుమానం. ఆ అడ్డును వదిలేసి వేడికి మాత్రమే మందు వేస్తే, సమస్య ఈ వేసవికి దాక్కుని వచ్చే వేసవికి గాలిలో బయటపడుతుంది.

అడ్డు ఉందో లేదో తేల్చడానికి ఊహ అక్కరలేదు, కొలత చాలు. విమానాన్ని షెడ్డు బయటికి తీసి, ముందు చక్రం కింద గట్టి దిమ్మెలు పేర్చి ముక్కును పైకి లేపండి. మీ విమానం ఎంత నిటారుగా ఎక్కగలదో ఆ కోణం కంటే ఇంకో 5 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. ట్యాంకులో అడుగున నాలుగైదు లీటర్లు మాత్రమే ఉంచండి, ఎందుకంటే నిండు ట్యాంకు తన బరువుతోనే ఇంధనాన్ని తోసి లోపాన్ని కప్పిపుచ్చుతుంది. కార్బురేటర్ల దగ్గర పైపులు విప్పి గీతలున్న కొలపాత్రలోకి వదిలి, స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. వాడని ఇంధనాన్ని వెనక్కి పంపే రిటర్న్ పైపు కొనను వేరే పాత్రలో పెట్టండి, ఆ ఇంధనాన్ని లెక్కలో కలపకండి. విమానానికీ పాత్రకూ మధ్య ఎర్తింగ్ తీగ కట్టండి, లోహపు పాత్రనే వాడండి, అగ్నిమాపక సిలిండరు చేతికందే దూరంలో ఒక మనిషి పట్టుకుని నిలబడాలి.

మీ ఇంజను టేకాఫ్ శక్తి దగ్గర గంటకు దాదాపు 27 లీటర్లు తాగుతుంది. పంపుతో నడిచే వ్యవస్థ అయితే అందులో 125 శాతం, కేవలం గురుత్వాకర్షణ మీద దిగే వ్యవస్థ అయితే 150 శాతం ప్రవాహం రావాలని 2017కు ముందున్న అమెరికా విమానయాన నిబంధనలు చెప్పేవి. సొంతంగా విమానాలు కట్టేవారూ ఆ అంకెనే పాటిస్తారు. అంటే ఎలక్ట్రిక్ పంపు వేసినప్పుడు గంటకు 33.75 లీటర్లు, నిమిషానికి సుమారు 560 మిల్లీలీటర్లు రావాలి. పంపు లేకుండా రెక్కలోని ట్యాంకు నుంచి దానంతటదే దిగేటప్పుడు గంటకు 40.5 లీటర్లు, నిమిషానికి 675 మిల్లీలీటర్లు వస్తే మీకు నిశ్చింత. గురుత్వాకర్షణ మీద కొలిచేటప్పుడు మాత్రం పైపును మెకానికల్ పంపు ముందు విప్పండి. ఎడమ ట్యాంకును విడిగా, కుడి ట్యాంకును విడిగా, తర్వాత రెండింటినీ కలిపి కొలవండి. ఈ పనంతా ఉదయం ఒకసారి, మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి చేయండి. చివరిగా ప్రవాహం తెగిపోయేవరకు వదిలి, ట్యాంకులో ఇంకా ఎంత మిగిలిందో కూడా రాసుకోండి. ఎక్కే భంగిమలో వాడుకోలేని ఇంధనం అదే.

ఈ పరీక్ష ఎవరి ఇష్టానికో వదిలేసేది కాదు. 2012లో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇళ్లలో కట్టుకున్న విమానాల ప్రమాదాల మీద చేసిన అధ్యయనంలో ఇంజను శక్తి పోవడాన్ని ముఖ్య కారణాలలో ఒకటిగా గుర్తించి, మొదటిసారి ఎగరకముందే ఇంధన వ్యవస్థను పనిచేయించి పరీక్షించి ఆ నివేదిక చూపించాలని సిఫారసు చేసింది.

ప్రవాహం తక్కువగా ఉందని తేలితే, ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క కీలూ విప్పి అక్కడికక్కడ కొలుచుకుంటూ కిందికి రండి. ఒకేసారి రెండు చోట్ల చేయి పెట్టవద్దు, పెడితే ఏది విప్పినందువల్ల బాగైందో మీకెప్పటికీ తెలియదు.

మూత సంగతి తేలికది. మధ్యాహ్నం పీడనం పడిపోతున్నప్పుడు ఇంజను ఆపించి, మూత వదులు చేస్తే గాలి లోపలికి బుస్సుమని పోయిందా అని వినండి. పోతే ట్యాంకులోకి గాలి వచ్చే వెంటు పైపు మూసుకుపోయింది. మామిడి తోటలో షెడ్డు అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడండి. మట్టి గూడు కట్టే కందిరీగకు వెంటు పైపు వంటి సన్నటి రంధ్రం దొరికితే వదలదు. ఒక్క వారంలో మట్టి తెచ్చి గట్టిగా పూడ్చిపెడుతుంది, బయటి నుంచి చూస్తే పైపు చివర కాస్త దుమ్ము అంటుకున్నట్టే ఉంటుంది. నేను తిరుపతికి వచ్చిన తొలి ఏడాది ఇలాంటి పైపులోకి సన్నటి తీగ దూరిస్తే, వేలెడు పొడవున ఎండిన మట్టి పెళ్ల, దాని లోపల పచ్చటి పురుగు పిల్ల బయటికి వచ్చాయి. పైపు చివర సన్నటి లోహపు జాలీ బిగించండి, విమానం నిలిపి ఉంచినప్పుడు ఎర్ర గుడ్డ వేలాడే తొడుగు పెట్టండి.

ట్యాంకు అడుగున ఉండే జల్లెడను చూడండి. అది అంగుళానికి 8 నుంచి 16 కన్నాలున్న ముతక జల్లెడగానే ఉండాలి. జాగ్రత్త కోసమని కొందరు అక్కడే అతి సన్నటి జాలీ వేస్తారు, అది ఫైబరుగ్లాసు పొడితో నెల తిరగకుండా పూడిపోతుంది. సన్నటి వడపోత కిందనున్న ఫిల్టరు పని, ఎందుకంటే దాన్ని విప్పి చూడవచ్చు. ట్యాంకు లోపల ఏదైనా పూత పూసి ఉంటే ఒక టార్చి, చిన్న అద్దం పెట్టి అది పొరలుగా లేస్తోందేమో గమనించండి.

పైపు కీళ్లలో నల్లాలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు వాడి ఉంటే ప్రతి కీలూ విప్పి దాన్ని పూర్తిగా తీసేయండి. దాని పోగులు తెగి వాల్వులలోకి, కార్బురేటరు నీడిల్ కిందికి చేరుతాయి. మీరు మూడుసార్లు శుభ్రం చేసినా మళ్లీ మళ్లీ చెత్త కనిపించిందన్నారు కాబట్టి ఇది తప్పక చూడాలి. ఇంధనానికి పనికివచ్చే సీలెంటును బయటి మరల మీద, మొదటి రెండు వరుసలు వదిలి, పలచగా రాస్తే చాలు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ అనుమానిస్తున్న చోటికి వస్తాను, అది రబ్బరు గొట్టం. కొన్నేళ్ల క్రితం మన జిల్లాలోనే మరో మిత్రుడి విమానానికి అచ్చం ఇదే జబ్బు వచ్చింది. అప్పుడు నేనూ కార్బురేటర్ల మీదే పడ్డాను, నాలుగు వారాలు వాటినే విప్పాను, పంపు కూడా మార్పించాను, ఆ పంపు ఖర్చు అతనికి అనవసరంగా పడింది. చివరికి విసిగి గొట్టాలన్నీ తీసి ఒక్కొక్కటీ నోటితో ఊదుతుంటే, ఒక గొట్టంలో ఒక కొన నుంచి ఊదితే గాలి హాయిగా పోతోంది, రెండో కొన నుంచి ఊదితే బిగుసుకుపోతోంది. కత్తితో నిలువునా చీల్చి చూస్తే, లోహపు నిపిల్ అంచు పదునుగా ఉండి, గొట్టాన్ని తొడిగేటప్పుడు లోపలి రబ్బరును చెక్కింది. చింతాకంత పొర ఒకటి లేచి, తలుపులా ఒకే వైపు తెరుచుకుంటూ నిలబడి ఉంది. ఇంజను నెమ్మదిగా నడిచినప్పుడు ఇంధనం ఆ పొర పక్కనుంచి జారిపోయేది, పూర్తి థ్రాటిల్ ఇవ్వగానే ప్రవాహం దాన్ని లాగి దారికి అడ్డంగా నిలబెట్టేది. బయటి నుంచి ఆ గొట్టం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఆ రోజు నుంచి నిపిల్ అంచులన్నిటినీ సన్నటి ఎమరీ కాగితంతో గుండ్రంగా అరగదీసి, కొద్దిగా ఇంజను ఆయిల్ రాసి, తిప్పకుండా నేరుగా నెట్టి తొడగడం నాకు అలవాటైంది. తొడిగాక రెండు కొనల నుంచీ ఊది చూడకుండా ఏ గొట్టాన్నీ బిగించను.

గొట్టం మీద అచ్చువేసిన తేదీ కూడా చూడండి. రోటాక్స్ ఇంజను మీది రబ్బరు భాగాలను ఐదేళ్లకొకసారి మార్చాలి. మీరు నాలుగేళ్లుగా కడుతున్నారు, కిట్‌తో వచ్చిన గొట్టం అంతకుముందే తయారై ఉంటుంది, అంటే ఎగరకముందే దాని ఆయువు తీరుతోంది.

దీనితోనే పెట్రోలు సంగతి ముడిపడి ఉంది. మీరు బంకులో మామూలు పెట్రోలు పోస్తున్నానని రాశారు. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం అమలులోకి వచ్చింది, కాని రోటాక్స్ 912 తరగతి ఇంజన్లకు తయారీదారు అనుమతించినది 10 శాతం వరకే. ఇథనాల్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, అప్పుడు గొట్టం లోపలి దారి ఇరుకవుతుంది. కొన్ని ఫైబరుగ్లాసు ట్యాంకుల రెజిన్‌ను మెత్తబరిచి, జిగురులా కరిగించి కార్బురేటరుకు చేరవేస్తుంది. మీ కార్బురేటరులో గోధుమ రంగు జిగట కనిపించి ఉంటే అది దీని పనే కావచ్చు, ట్యాంకు ఏ రెజిన్‌తో చేశారో కిట్ తయారీదారును వెంటనే అడగండి.

మీ పెట్రోలులో ఎంత ఇథనాల్ ఉందో పది నిమిషాలలో తెలుసుకోవచ్చు. సన్నటి గాజు కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూతపెట్టి బాగా కుదిపి నిలబెట్టండి. పెట్రోలులోని ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది, అడుగున 10 గీత దగ్గర ఉండవలసిన పొర పైకి జరుగుతుంది. అది 27, 28 దగ్గర ఆగితే ఇంచుమించు 20 శాతం ఇథనాల్ ఉన్నట్టు. పొర 10 దగ్గరే నిలిస్తే ఇథనాల్ లేనట్టు. ప్రతి కొత్త క్యాను తెచ్చినప్పుడల్లా ఈ పరీక్ష చేయండి. పెట్రోలుకు ఆక్టేన్ 95 ఉండాలన్నది కూడా మీ ఇంజనుకు తప్పనిసరి.

నా సలహా అడిగితే, పరీక్షలు ముగిసేవరకైనా విమానాల పెట్రోలు ఏవీగ్యాస్ 100 ఎల్ఎల్ తెప్పించుకోండి. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ దీన్ని మన దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. దీని ఆవిరి పీడనం 38 నుంచి 49 కిలోపాస్కల్ మధ్య కట్టడి చేసి ఉంటుంది కాబట్టి, వాహనాల పెట్రోలు కంటే వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. ఇందులో సీసం ఉంటుంది, అందువల్ల ఆయిల్‌ను మామూలు కంటే ముందుగానే మార్చాలి. ఒక విషయం గుర్తుంచుకోండి. ఏవీగ్యాస్ పోయగానే జబ్బు కనిపించకుండా పోతే, గొట్టంలోని అడ్డు పోయిందని అర్థం కాదు. ప్రవాహం కొలత సరిగా వచ్చాకే ఆ మాట అనుకోవాలి.

అడ్డు తొలగించాక వేడి పని పట్టండి. మీ ఎలక్ట్రిక్ పంపు, గ్యాస్కొలేటరు (ఇంధనంలోని నీళ్లను, చెత్తను పట్టే గిన్నె) రెండూ ఇంజనును వేరుచేసే అడ్డుగోడకు, అంటే ఫైర్‌వాల్‌కు, ఇంజను వైపు ఉన్నాయని మీ వర్ణన బట్టి తెలుస్తోంది. పంపు లాగడంలో కంటే తోయడంలో బలమైనది, కాబట్టి దాన్ని ట్యాంకుకు వీలైనంత దగ్గరగా, చల్లగా ఉండే చోటికి మార్చండి. ఎగ్జాస్టు దగ్గరగా పోయే గొట్టానికి మంటను తట్టుకునే ఫైర్‌స్లీవ్ తొడగండి, మధ్యలో పలుచటి అల్యూమినియం రేకు అడ్డు పెట్టండి. గ్యాస్కొలేటరు మీదికి బయటి చల్లగాలి వచ్చేలా సన్నటి గొట్టం ఒకటి పెట్టండి. పదునైన ఎల్బోలను తీసి పెద్ద వంపులు ఇవ్వండి. రిటర్న్ పైపును తప్పనిసరిగా ట్యాంకు వరకు తీసుకెళ్లండి. పైపులో పుట్టిన ఆవిరి బయటపడే దారి అదే, దాన్ని గ్యాస్కొలేటరులోకి తిప్పి కలిపితే ఆవిరి అక్కడక్కడే తిరుగుతుంది. మార్పులన్నీ అయ్యాక నేల మీది పరీక్ష వరకు మాత్రమే పంపు ముందు ఒక జానెడు పారదర్శక గొట్టం పెట్టి, మధ్యాహ్నం పూర్తి థ్రాటిల్‌లో బుడగలు వస్తున్నాయేమో పక్కనుంచి ఒకరు చూడాలి. ప్రొపెల్లరుకు ముందూ, దాని తిరిగే వరుసలోనూ ఎవరూ నిలబడకూడదు. పరీక్ష అయ్యాక ఆ గొట్టాన్ని తీసేయండి, దానితో ఎగరకూడదు.

కార్బురేటర్ల గురించి ఒక్క సంగతి, ఎటూ విప్పారు కాబట్టి. బింగ్ కార్బురేటరులో ఇంధన మట్టాన్ని అదుపుచేసే తేలే ముక్కలు, అంటే ఫ్లోట్లు, కొన్ని ఇంధనాన్ని పీల్చుకుని బరువెక్కుతాయి, అప్పుడు ఇంధనం పొంగి డ్రిప్ ట్రేలోకి కారుతుంది. ఒక కార్బురేటరులోని రెండు ఫ్లోట్ల బరువు కలిపి 7 గ్రాములు మించకూడదు. ఇంట్లో తూచలేకపోతే ఫ్లోట్లను శుభ్రంగా తుడిచి బంగారం కొట్టుకు తీసుకెళ్లండి, వాళ్ల త్రాసు మిల్లీగ్రాములు చూపిస్తుంది. ఇది మీ ప్రస్తుత సమస్యకు కారణం కాదు, కాని తూచి ఉంచుకోవడం మంచిది. నవంబరులో వానలు పట్టి గాలి తేమగా, 20, 25 డిగ్రీలు ఉన్నప్పుడు ఇంజను తడబడి, ఇంధన పీడనం మాత్రం సరిగా ఉంటే అది కార్బురేటరులో కట్టే మంచు. దాన్ని ఈ జబ్బుతో కలిపి చూడకండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది చివరి వాక్యం. పైపు పొడవు తగ్గుతుందని ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచుకునే సెలెక్టర్ వాల్వును సీటు వెనుక, భుజం దగ్గరికి మార్చానని రాశారు. దయచేసి దాన్ని డ్రాయింగులో ఉన్న చోటికే తీసుకురండి. 1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలోని మాంటెరీ అఖాతంలో తన లాంగ్ ఈజీ విమానం కూలి మరణించారు. అదీ ఇంట్లో కట్టిన విమానమే. అసలు డిజైనులో పైలట్ కాళ్ల మధ్య ఉండవలసిన సెలెక్టరును దాన్ని కట్టిన వ్యక్తి ఎడమ భుజం వెనుక పెట్టాడు. గాలిలో ట్యాంకు మార్చాలంటే స్టిక్ వదిలి వెనక్కి తిరగాలి, అలా తిరిగేటప్పుడు కాలు తెలియకుండానే రడ్డరును తొక్కుతుంది. ట్యాంకులో ఇంధనం కూడా తక్కువగానే ఉంది. సెలెక్టరు పైలట్ ముందు, చూపు తిప్పకుండా చేతికందే చోట ఉండాలి. దానికోసం పైపు రెండడుగులు పెరిగినా ఏ నష్టమూ లేదు, ఆ పెరుగుదలను ప్రవాహం కొలతలో చూసుకుంటే సరిపోతుంది.

నాకు పంపవలసిన అంకెలు ఇవి: ప్రతి ట్యాంకుకూ ఉదయం, మధ్యాహ్నం నిమిషానికి వచ్చిన మిల్లీలీటర్లు, పంపుతోనూ పంపు లేకుండానూ, గొట్టాల మీది తేదీలు, కొలజాడీలో నీళ్ల పొర ఆగిన గీత, మార్పులయ్యాక వరుసగా మూడు మధ్యాహ్నాలు ఐదేసి నిమిషాల పూర్తి థ్రాటిల్‌లో, ఎలక్ట్రిక్ పంపు ఆపి ఉంచి, ప్రతి అరనిమిషానికీ రాసుకున్న ఇంధన పీడనం. పావుగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పటి పీడనాన్ని వేరే వరుసలో రాయండి.